పుర్రె అడుగుభాగంలో కణితి: ఎంఆర్ఐ ఉండగా పెట్ స్కాన్ ఎందుకు, అందులోనూ రెండోసారి ఎందుకు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా అమ్మకు 58 ఏళ్లు. ఎడమ చెవిలో హోరుగా ఉంటోందని, అది గుండె కొట్టుకునే లయలోనే వినిపిస్తోందని దాదాపు ఏడాదిగా చెబుతూ వచ్చింది. వయసుతో వచ్చే ఇబ్బందేనని మేము పట్టించుకోలేదు. నాలుగు నెలలుగా గొంతు బొంగురుపోయి, మంచినీళ్లు తాగినా పొలమారుతూ ఉండటంతో చెవి, ముక్కు, గొంతు డాక్టరు గారికి చూపించాం. ఆయన కెమెరాతో చూసి ఎడమ స్వరతంత్రి కదలడం లేదని గుర్తించి, వెంటనే ఎంఆర్ఐ రాశారు. పుర్రె అడుగుభాగంలో ఎడమవైపు, జుగులర్ ఫొరామెన్ అనే రంధ్రం దగ్గర 28 మిల్లీమీటర్ల కణితి ఉన్నట్లు తేలింది. రిపోర్టు చివర పారాగాంగ్లియోమా (రక్తనాళాలు నిండిన కణితి), ష్వానోమా (నరం తొడుగులో పుట్టేది), మెనింజియోమా (మెదడు పొరల్లో పుట్టేది) అని మూడు పేర్లు వరుసగా రాసి, వేరేచోటి క్యాన్సర్ అక్కడికి పాకి ఉండే అవకాశాన్ని కూడా పూర్తిగా కొట్టిపారేయలేమని ఒక వాక్యం చేర్చారు.

ఆ చివరి వాక్యం చూసి, మేము సలహా అడిగిన మరో డాక్టరు గారు ఒళ్లంతా పెట్ సీటీ చేయించమన్నారు. చేయించాం. కణితిలో ఎస్‌యూవీ అనే అంకె 6.4 అని, కుడి స్వరతంత్రిలో 7.1 అని, ఆ రెండో చోటును కెమెరాతో పరీక్షించి చూడాలని అందులో రాశారు. కదలని తంత్రి ఎడమది, మెరిసింది కుడిది. కణితి కన్నా గొంతులోనే అంకె ఎక్కువ కనిపించేసరికి, అసలు జబ్బు గొంతులో పుట్టి పైకి పాకిందేమోనని ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. ఇప్పుడు పుర్రె అడుగుభాగం ఆపరేషన్లు చేసే సర్జన్ గారు రిపోర్టులన్నీ చూసి, డోటాటేట్ అనే మరో రకం పెట్ స్కాన్ కావాలంటున్నారు.

ఎంఆర్ఐ అంత వివరంగా ఉండగా పెట్ కొత్తగా ఏం చెబుతుంది? ఒకటి అయిపోయాక రెండోది ఎందుకు? అంకె ఎక్కువగా ఉందంటే క్యాన్సర్ అనే అర్థమా? అమ్మకు ఏం చెప్పాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1: న్యూక్లియర్ మెడిసిన్ వైద్యురాలు

ముందు స్వరతంత్రి సంగతి చెబుతాను, ఎందుకంటే మీ ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేసింది అదే.

జుగులర్ ఫొరామెన్ గుండా జుగులర్ సిరతో పాటు మూడు కపాల నరాలు కిందికి దిగుతాయి. వాటిలో వేగస్ నరం స్వరతంత్రులను కదిలిస్తుంది. ఎడమ వేగస్ కణితి ఒత్తిడికి దెబ్బతింది కాబట్టి ఎడమ తంత్రి కదలడం మానేసింది. ఇక మాట్లాడాలన్నా, దగ్గాలన్నా, గుటక వేయాలన్నా కుడి తంత్రి మధ్యగీత దాటి అవతలి వరకూ వచ్చి ఎడమదాన్ని తాకాల్సిందే. అలా రెట్టింపు శ్రమ పడే కండరం గ్లూకోజును కూడా ఎక్కువగా లాక్కుంటుంది. మామూలు పెట్ చూపేది గ్లూకోజ్ ఎక్కడెక్కడికి చేరిందన్నదే కనుక, మంచి తంత్రి దీపంలా వెలుగుతుంది, జబ్బుపడిన తంత్రి చీకటిగా ఉంటుంది. మా చదువులో దీన్ని మొదట్లోనే నేర్పుతారు. ఒకవైపు స్వరతంత్రి పక్షవాతం ఉందన్న సంగతి స్కాన్ చదివేవారికి ఎవరూ చెప్పకపోతే, ఆ వెలుగును క్యాన్సర్ అనుమానంగా రాయడం జరుగుతూ ఉంటుంది. అమ్మగారి గొంతును కెమెరాతో ఇప్పటికే చూశారు కాబట్టి, కుడి తంత్రి పైపొర నున్నగా, పుండు లేకుండా ఉందో లేదో ఆ డాక్టరు గారినే అడగండి. నున్నగానే ఉందంటే ఆ 7.1 గురించి ఇక కలత పడనవసరం లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పెట్ అనేది ఒకే పరీక్ష అన్న భావనలోనే చాలా గందరగోళం పుడుతోంది. యంత్రం ఒకటే, కానీ నరంలోకి ఎక్కించే మందును బట్టి అది వేసే ప్రశ్న మారిపోతుంది. మీరు చేయించినది ఎఫ్‌డీజీ పెట్. ఎఫ్‌డీజీ అంటే రేడియో ధార్మిక ఫ్లోరిన్ తగిలించిన గ్లూకోజ్. 1976లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో దీన్ని మొదటిసారి మనుషులకు ఇచ్చినప్పుడు చూసింది మెదడునే. కణం దీన్ని మామూలు గ్లూకోజ్ అనుకుని లోపలికి తీసుకుంటుంది, మొదటి మెట్టు వరకూ మారుస్తుంది, ఆపైన ముందుకు తీసుకెళ్లలేదు, బయటికీ పంపలేదు. అలా చిక్కుకుపోయినది ఎంత ఉందో కొలిచి చెప్పే అంకె ఎస్‌యూవీ. అంటే అది ఆకలికి కొలత. క్యాన్సర్‌కు ఆకలి ఎక్కువే, కానీ చీము పట్టిన చోటుకీ, మానుతున్న గాయానికీ, పనిలో ఉన్న కండరానికీ కూడా ఎక్కువే. పారాగాంగ్లియోమాలు, ష్వానోమాలు ప్రాణాంతకం కానివైనా ఎఫ్‌డీజీని బాగానే తీసుకోవచ్చు. కాబట్టి 6.4 చూసి కణితి మంచిదా చెడ్డదా అని చెప్పే వీలు లేదు. మామూలు ఎముక స్థానంలో నార లాంటి కణజాలం పెరిగే ఫైబ్రస్ డిస్‌ప్లేసియా కూడా ఇక్కడ బాగా మెరిసి మమ్మల్ని తికమక పెడుతుంది.

పుర్రె అడుగుభాగంలో ఎఫ్‌డీజీకి ఉన్న మరో చిక్కు పొరుగు. శరీర బరువులో మెదడు 2 శాతమే అయినా, ఒంటికి కావాల్సిన గ్లూకోజులో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. అంత వెలుగును ఆనుకుని ఉన్న చిన్న కణితిని చూడటం, నిండు దీపం పక్కన మిణుగురును వెతకడం లాంటిది.

డోటాటేట్ వేసే ప్రశ్న పూర్తిగా వేరు. కణితి కణాల మీద సోమాటోస్టాటిన్ అనే హార్మోనుకు గ్రాహకాలు ఉన్నాయా అని అది అడుగుతుంది. పారాగాంగ్లియోమాల మీద ఆ గ్రాహకాలు కిక్కిరిసి ఉంటాయి. మెనింజియోమాల్లో కూడా దాదాపు అన్నింటి మీదా ఉంటాయి. ష్వానోమాలో సాధారణంగా చాలా తక్కువ. మామూలు మెదడు కణజాలం దీన్ని దాదాపు తీసుకోదు కాబట్టి వెనకాల అంతా నల్లగా ఉండి, కణితి ఒక్కటే స్పష్టంగా లేచి కనబడుతుంది. పీయూష గ్రంథి మాత్రం ఆరోగ్యంగా ఉన్నా మెరుస్తుంది. అది తెలియకపోతే కొత్త కణితి అనుకునే ప్రమాదం ఉంది.

మీ సర్జన్ గారు అడుగుతున్నది సరైన పరీక్షే. నన్నడిగితే మొదటే అది చేయించి ఉంటే బాగుండేది. అయితే ఎఫ్‌డీజీ పూర్తిగా వృథా పోలేదు. ఊపిరితిత్తులు, కాలేయం, ఎముకలు వంటి చోట్ల అనుమానించదగ్గది ఏమీ లేదని రిపోర్టులో ఉంటే, వేరేచోటి క్యాన్సర్ పాకిందన్న భయం చాలావరకు తగ్గినట్లే.

జవాబు 2: పుర్రె అడుగుభాగం సర్జన్

పై జవాబుతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఆపరేషన్ చేసేవారి వైపు నుంచి కొన్ని మాటలు కలుపుతాను.

కణితి హద్దులు గీసేది ఎంఆర్ఐ, అది ఎముకను ఎలా తిన్నదో చూపేది సీటీ, దాని స్వభావాన్ని చెప్పేది పెట్. ఈ మూడింటిలో ఏదీ మరొకదాని పని చేయలేదు. జుగులర్ ఫొరామెన్ దగ్గర సీటీలో ఎముక అంచులు చెదపట్టినట్లు కొరుక్కుపోయి ఉంటే పారాగాంగ్లియోమా వైపు, రంధ్రం నున్నని అంచులతో వెడల్పైతే ష్వానోమా వైపు, ఎముక మందంగా గట్టిపడితే మెనింజియోమా వైపు మా ఆలోచన మొగ్గుతుంది. ఎంఆర్ఐలో ఉప్పూ మిరియాలూ కలిపి చల్లినట్లు తెల్లని, నల్లని చుక్కలు కనబడితే, ఆ నల్లని చుక్కలు జోరుగా నెత్తురు పారే నాళాలని అర్థం. అమ్మగారికి చెవిలో గుండె లయతో హోరు వినబడటం కూడా ఆ నెత్తురు ప్రవాహం వల్లే కావచ్చు. డోటాటేట్ మెరిసినంత మాత్రాన అది పారాగాంగ్లియోమానా మెనింజియోమానా అన్నది ఒక్క దెబ్బతో తేలదు, రెండూ మెరుస్తాయి. కానీ ఈ లక్షణాలన్నింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలాసార్లు ముక్క తీయకుండానే నిర్ణయానికి రాగలుగుతాం.

ముక్క తీయకుండా అన్న మాటను నొక్కి చెబుతున్నాను. మిగతా కణితుల్లో ముక్క పరీక్ష చేస్తేనే నమ్మకం. ఇక్కడ పారాగాంగ్లియోమా అనుమానం ఉంటే, చెవిలోంచి గానీ మెడలోంచి గానీ తొందరపడి ముక్క తీయనివ్వకండి. అది నెత్తుటి ముద్ద లాంటి కణితి, ఆపడం కష్టమయ్యేంతగా రక్తం పోవచ్చు. పెట్ ఇక్కడ చేసే అతి పెద్ద మేలు ఆ ప్రమాదాన్ని తప్పించడమే. ఏ ఆపరేషన్‌కైనా ముందు రక్తంలో మెటనెఫ్రిన్లు (రక్తపోటును పెంచే రసాయనాల జాడలు) కూడా చూపించాలి. తల, మెడ భాగపు పారాగాంగ్లియోమాల్లో రక్తపోటును పెంచే రసాయనాలు విడుదల చేసేవి చాలా తక్కువ. అయినా అటువంటిదానికి తెలియక మత్తు ఇస్తే టేబుల్ మీదే రక్తపోటు అదుపు తప్పుతుంది.

రెండో మేలు, ఒకటికి మించి కణితులు ఉన్నాయేమో చూడటం. ఈ జబ్బు రెండువైపులా, మెడలో, ఛాతీలో, పొట్టలో కూడా ఉండవచ్చు. తల ఎంఆర్ఐ తలనే చూస్తుంది. డోటాటేట్ ఒళ్లంతా వెతుకుతుంది. అందుకే 2019లో యూరప్, అమెరికా న్యూక్లియర్ మెడిసిన్ సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో తల, మెడ పారాగాంగ్లియోమాలకు ఈ రకం పెట్‌నే మొదట చేయమన్నాయి.

ఇక పెట్ మోసపోయే సందర్భాలు కూడా చెప్పాలి, లేకపోతే ఈ చర్చ చదివేవారందరూ ప్రతి కణితికీ పెట్ కావాలనుకుంటారు. అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అనే క్యాన్సర్ లాలాజల గ్రంథుల్లో పుట్టి, నరాల తొడుగు వెంబడి మెల్లగా పాకుతూ పుర్రెలోకి వస్తుంది. దాని ఆకలి తక్కువ, పాకే దారి దారమంత సన్నం. దవడ మీద తిమ్మిరితో వచ్చిన ఒకరి ఎఫ్‌డీజీ పెట్‌లో ఏమీ లేదని రాసి ఉంది. ఎంఆర్ఐలో ఆ వైపు ఫొరామెన్ ఒవేలే అనే రంధ్రం దగ్గర నరం రెండోవైపు నరం కన్నా రెండింతల లావుగా, రంగు మందు పట్టి తెల్లగా కనబడింది. ముక్క పరీక్షలో ఈ క్యాన్సరే తేలింది. పెట్ మౌనంగా ఉందని ఎంఆర్ఐలో కనబడినదాన్ని ఎప్పుడూ పక్కన పెట్టకూడదు. పుర్రె అడుగున మధ్యలో ఉండే క్లైవస్ ఎముకలో వచ్చే కార్డోమా అనే కణితి విషయంలో కూడా అంతే. దాని ఎస్‌యూవీ ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది, తక్కువగా ఉన్నంత మాత్రాన అది ప్రమాదం లేని జబ్బు కాదు. కార్డోమా మధ్యగీతలో పుడుతుందని, కాండ్రోసార్కోమా అనే మృదులాస్థి క్యాన్సర్ ఎక్కువగా దాని పక్కన ఎముకల అతుకు దగ్గర పుడుతుందని ఎంఆర్ఐ చెప్పే సంగతే అక్కడ ఎక్కువ ఉపయోగం.

ఇందుకు తిరగబడిన సందర్భమూ ఉంది. మధుమేహం ఉన్న పెద్దవయసువారికి చెవిపోటు, చీము మొదలై, సూడోమోనాస్ అనే సూక్ష్మజీవి పుర్రె ఎముక వరకూ పాకితే, స్కాన్లన్నింటిలో అది అచ్చం క్యాన్సర్‌లా కనబడుతుంది, ఎఫ్‌డీజీ భగ్గుమంటుంది. అక్కడ మాత్రం ముక్క తీసి చూడటం తప్పనిసరి.

ముక్కు వెనక పుట్టే నాసాగ్రసని క్యాన్సర్‌లో ఎఫ్‌డీజీకి స్థిరమైన స్థానం ఉంది. మెడలోని లింఫ్ గ్రంథులకూ దూరపు అవయవాలకూ పాకిందా అన్నది అది బాగా చెబుతుంది. పుర్రె ఎముకలోకి, మెదడు పొరల దాకా చొచ్చుకుపోయిందా అన్నదానికి మాత్రం ఎంఆర్ఐనే నమ్ముతాం.

జవాబు 3: వైద్య భౌతిక శాస్త్రంలో పనిచేసే వ్యక్తి

నేను రోగులను చూడను, యంత్రాన్ని చూస్తాను. అంకెల గురించి, పరీక్ష రోజు గురించి కొంత చెబుతాను.

నరంలోకి ఎక్కించిన రేడియో ధార్మిక మందు (ట్రేసర్) నుంచి వెలువడిన పాజిట్రాన్ అనే సూక్ష్మకణం కొద్ది దూరం పోయి ఒక ఎలక్ట్రాన్‌ను ఢీకొంటే రెండూ మాయమై, 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో రెండు ఫోటాన్లు ఎదురెదురు దిక్కుల్లో బయలుదేరతాయి. వాటిని ఒకేసారి పట్టుకుని, అవి పుట్టిన గీతను యంత్రం లెక్కగడుతుంది. ఈ పద్ధతిలో 4 నుంచి 6 మిల్లీమీటర్ల కన్నా సన్నని వివరం మామూలు యంత్రాల్లో విడిగా కనబడదు. మంచి ఎంఆర్ఐలో మిల్లీమీటరు కన్నా సన్నని నరం కూడా దొరుకుతుంది. కణితి ఒక సెంటీమీటరు లోపు ఉంటే దాని వెలుగు చుట్టూ చిందిపోయి, ఎస్‌యూవీ ఉన్నదానికన్నా తక్కువగా వస్తుంది. డోటాటేట్‌కు తగిలించే గాలియం-68 నుంచి వచ్చే పాజిట్రాన్‌కు శక్తి ఎక్కువ, ఫ్లోరిన్-18 పాజిట్రాన్ కన్నా దూరం పోతుంది కాబట్టి బొమ్మ ఇంకొంచెం అలుక్కుపోతుంది. అయినా డోటాటేట్‌లో చిన్న కణితులు దొరుకుతున్నాయంటే, వెనకాల నల్లగా ఉండటమే కారణం. వేరువేరు కేంద్రాల్లో, వేరువేరు యంత్రాల మీద తీసిన ఎస్‌యూవీలను పక్కపక్కన పెట్టి 6.4 నుంచి 5.9కి తగ్గిందని సంతోషించడం గానీ, పెరిగిందని భయపడటం గానీ వద్దు. మందు ఎక్కించాక ఎన్ని నిమిషాలకు స్కాన్ తీశారన్నదానికే ఆ తేడా వస్తుంది.

పుర్రె అడుగుభాగంలో మాకు ఎదురయ్యే మరో ఇబ్బంది తల కదలడం. ముందు సీటీ తీసి, దాని ఆధారంగా పెట్‌ను సరిదిద్దుతాం. మధ్యలో రోగి తల నాలుగు మిల్లీమీటర్లు తిప్పినా, మెదడు వెలుగు వచ్చి ఎముక మీద పడి అక్కడ కణితి ఉన్నట్లు కనబడుతుంది. పళ్లలోని లోహం కూడా సీటీలో గీతలు పుట్టించి, దాని చుట్టుపక్కల పెట్ వెలుగును లేనిపోనిగా పెంచుతుంది. అనుమానం వస్తే సరిదిద్దని బొమ్మను కూడా తెరిచి చూడాలి. రెండింటిలోనూ మెరిస్తేనే నిజం.

అమ్మగారికి ఉపయోగపడేది ఒకటి: ఎఫ్‌డీజీకి కనీసం 4 నుంచి 6 గంటలు ఏమీ తినకుండా ఉండాలి, రక్తంలో చక్కెర డెసిలీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, మందు ఎక్కించాక గంటసేపు మాట్లాడకుండా, నమలకుండా, వెచ్చగా పడుకోవాలి. ఆ గంటలో ఆందోళనతో పక్కవారితో మాట్లాడుతూ కూర్చుంటే స్వరతంత్రి ఇంకా మెరుస్తుంది. అమ్మగారి విషయంలో అదీ తోడై ఉండవచ్చు. డోటాటేట్‌కు సాధారణంగా పస్తు అవసరం లేదు. ఆక్ట్రియోటైడ్ వంటి ఇంజెక్షన్లు వాడుతూ ఉంటే మాత్రం ముందే చెప్పాలి. గాలియం 68 నిమిషాలకు సగమైపోతుంది, ఫ్లోరిన్ సుమారు 110 నిమిషాలకు. మర్నాటికి ఒంట్లో లెక్కలోకి వచ్చేంత మిగలదు. ట్రేసర్ నుంచి వచ్చే రేడియేషన్ రెండింటిలోనూ కొద్ది మిల్లీసీవర్టులే, దానికి సీటీ మోతాదు కలుస్తుంది. అవసరం ఉన్న పరీక్షను ఆ భయంతో మానుకోవద్దు.

జవాబు 4: మెనింజియోమాకు చికిత్స పొందిన వ్యక్తి

నేను వైద్యుణ్ణి కాను. ఆరేళ్ల క్రితం నా కంటి వెనక, కావెర్నస్ సైనస్ అనే సిరల గదిని ఆనుకుని ఉన్న మెనింజియోమాకు ఆపరేషన్ అయింది. కంటిని కదిలించే నరాలు అందులోంచే పోతాయి కాబట్టి కొంత ముక్క కావాలనే వదిలేశామని సర్జన్ గారు ముందే చెప్పారు. ఆ తర్వాత ప్రతి ఎంఆర్ఐలోనూ "ఆపరేషన్ మచ్చ కావచ్చు, మిగిలిన కణితి కావచ్చు" అన్న ఒకే వాక్యం వస్తూ ఉండేది. ఆ వాక్యాన్ని ఏళ్ల తరబడి చదువుకుంటూ బతకడం ఎంత కష్టమో మీ అమ్మగారి పరిస్థితిలో ఉన్నవారికే తెలుస్తుంది.

రేడియేషన్ ఇవ్వాలని నిర్ణయించినప్పుడు డోటాటేట్ పెట్ తీశారు. డాక్టరు గారు తెర మీద ఎంఆర్ఐ, దాని మీద పెట్ రంగులు పరిచి చూపించారు. ఎంఆర్ఐలో తెల్లగా ఉన్న ముందు భాగం పెట్‌లో నల్లగా ఉంది, అది మచ్చే. మామూలుగా కనబడిన ఎముక లోపలికి మాత్రం వెలుగు ఒక వేలిలా సాగింది. రేడియేషన్ గీతను ముందు తగ్గించి, వెనక పెంచారు. మెనింజియోమాల్లో పెట్‌ను ఇలా వాడవచ్చని 2017లో రానో అనే అంతర్జాతీయ బృందం సిఫారసులు ఇచ్చిందని కూడా ఆయనే చెప్పారు.

ఆ బొమ్మలో నడి మధ్యన మరో చుక్క మెరుస్తుంటే నా గుండె జారిపోయింది. అది పీయూష గ్రంథి, అందరికీ అలాగే ఉంటుందని చెప్పాక గానీ ఊపిరి తీసుకోలేదు. కాబట్టి కొత్త రిపోర్టు వచ్చాక ఇంట్లో చదువుకోకండి, డాక్టరు గారి పక్కన కూర్చుని బొమ్మలు చూస్తూ చదవండి.

ఇంకొక మాట. మా బంధువు ఒకరికి నాసాగ్రసని క్యాన్సర్‌కు రేడియేషన్ ముగిసిన ఐదో వారంలోనే ఎఫ్‌డీజీ పెట్ తీయించారు. అంతా మెరిసింది, జబ్బు పోలేదన్నారు. ఇంట్లోవాళ్లు కుంగిపోయారు. మూడు నెలలు దాటాక మళ్లీ తీస్తే ఏమీ లేదు. మొదట కనబడినది రేడియేషన్ వల్ల వచ్చిన వాపు.

జవాబు 1 రాసిన వైద్యురాలు మళ్లీ

ఆ చివరి అనుభవం అందరూ గుర్తుంచుకోదగ్గది. తల, మెడ క్యాన్సర్లలో రేడియేషన్ తర్వాత పెట్‌కు కనీసం 12 వారాలు ఆగాలన్నది ఊరికే పెట్టిన గడువు కాదు. 2016లో వెలువడిన పెట్-నెక్ అనే పరిశోధనలో 564 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మెడలోని లింఫ్ గ్రంథులు తీసే ఆపరేషన్ ముందే ఖరారు చేశారు, మరో గుంపుకు 12 వారాలకు పెట్ తీసి, అవసరమైతేనే చేశారు. మొదటి గుంపులో 221 మెడ ఆపరేషన్లు జరిగాయి, పెట్ గుంపులో 54 మాత్రమే, బతికి ఉన్నవారి శాతంలో మాత్రం పెట్ గుంపు వెనకబడలేదు. తొందరపడి తీసి ఉంటే ఆ లెక్క తలకిందులయ్యేది.

పీయూష గ్రంథి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక్క మాట. ఆ గ్రంథిలోని కణితి వల్ల ఒంట్లో కార్టిసాల్ పెరిగే కుషింగ్ జబ్బు వంటి వాటిలో, ఎంఆర్ఐకి చిక్కని చిన్న కణితి కోసం మిథియోనిన్ అనే అమైనో ఆమ్లంతో చేసే పెట్ వాడతారు. దానిలోని కార్బన్-11 కేవలం 20 నిమిషాలకే సగమైపోతుంది కాబట్టి, తయారుచేసే సైక్లోట్రాన్ అనే యంత్రం అదే ఆవరణలో ఉన్నచోటనే అది వీలవుతుంది.

ప్రశ్న అడిగిన వ్యక్తి, మూడు వారాల తర్వాత

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. కుడి స్వరతంత్రి నున్నగానే ఉందని డాక్టరు గారు బొమ్మ చూపించి చెప్పారు. ఎఫ్‌డీజీలో మిగతా ఒళ్లంతా శుభ్రంగా ఉంది. డోటాటేట్ అయింది. ఎడమ జుగులర్ ఫొరామెన్ కణితి చాలా ఎక్కువగా మెరిసింది, పారాగాంగ్లియోమా అని తేల్చారు. అయితే కుడివైపు మెడలో, కరోటిడ్ ధమని రెండుగా చీలే చోట 9 మిల్లీమీటర్ల మరో చిన్న కణితి కూడా బయటపడింది. పాత ఎంఆర్ఐ అంత కిందికి తీయలేదట. మెటనెఫ్రిన్లు మామూలుగానే ఉన్నాయి. క్యాన్సర్ పాకినట్లా ఇది? రెండూ తీసేయమని అడగాలా? మా అన్నదమ్ములకు, మా పిల్లలకు కూడా వచ్చే అవకాశం ఉందా?

జవాబు 2 రాసిన సర్జన్ మళ్లీ

పాకినట్లు కాదండీ. కరోటిడ్ చీలిక దగ్గర ఉండే చిన్న కణజాలంలో పారాగాంగ్లియోమా తనంతట తాను పుట్టడం ఈ జబ్బులో తరచూ చూస్తాం. పారాగాంగ్లియోమా పాకింది అనాలంటే, ఆ కణజాలం మామూలుగా ఉండని చోట, అంటే ఎముకలోనో కాలేయంలోనో లింఫ్ గ్రంథిలోనో కనబడాలి.

కానీ ఆ 9 మిల్లీమీటర్ల చుక్క మీ అమ్మగారి చికిత్స పథకాన్నే మార్చేస్తుంది. ఎడమ వేగస్ ఇప్పటికే పనిచేయడం లేదు. ఆమె మింగడం, మాట్లాడటం, ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోకుండా కాపాడుకోవడం అంతా కుడి వేగస్ మీదే నడుస్తోంది. కుడివైపు మెడలో ఆపరేషన్ చేస్తూ ఆ నరానికి ఏమైనా జరిగితే, రెండు స్వరతంత్రులూ ఆగిపోయి, గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టాల్సిన పరిస్థితి రావచ్చు. కాబట్టి రెండూ తీసేయమని అడగకండి. ఈ కణితుల్లో చాలావరకు ఏడాదికి ఒక మిల్లీమీటరు మేరకే పెరుగుతాయి. కుడిదాన్ని ఏటా స్కాన్‌తో గమనిస్తూ ఉండటమే నేను చెప్పే సలహా.

ఎడమదానికి ఆపరేషనా, రేడియేషనా అన్నది మీ సర్జన్ గారు, రేడియేషన్ వైద్యులు కలిసి కూర్చుని తేల్చాలి. నరం ఎలాగూ పనిచేయడం లేదు కాబట్టి ఆపరేషన్‌తో కొత్తగా పోయేది తక్కువని కొందరంటారు. కానీ అదే రంధ్రంలోంచి మింగడానికి తోడ్పడే తొమ్మిదో నరం, భుజాన్ని ఎత్తే పదకొండో నరం పోతాయి. నాలుకను కదిలించే పన్నెండో నరం పక్క రంధ్రంలోనే ఉంటుంది. అమ్మగారి నాలుక, భుజం ఇంకా బాగా కదులుతుంటే నేనైతే రేడియేషన్ వైపే మొగ్గుతాను. అది కణితిని మాయం చేయదు, పెరగకుండా ఆపుతుంది. ఆపరేషనే అనుకుంటే, ముందు కణితికి నెత్తురు పోసే నాళాలను లోపలి నుంచి మూసివేయడం గురించి అడగండి.

ఇక కుటుంబం సంగతి. ఒకటికి మించి కణితులు ఉన్నప్పుడు జన్యు పరీక్ష తప్పనిసరి. పారాగాంగ్లియోమాలన్నింటిలో మూడో వంతుకు పైగా వంశపారంపర్య మార్పు వల్లే వస్తాయి. తల, మెడలో పలుచోట్ల ఉంటే మొదట అనుమానించేది ఎస్‌డీహెచ్‌డీ అనే జన్యువును. దానికో విచిత్రమైన లక్షణం ఉంది. ఆ మార్పు తండ్రి నుంచి వస్తేనే సాధారణంగా జబ్బుగా బయటపడుతుంది, తల్లి నుంచి వస్తే చాలా అరుదు. అమ్మగారిలో అదే తేలితే, మీకూ మీ అన్నదమ్ములకూ ఆ మార్పు వచ్చే అవకాశం సగానికి సగం ఉన్నా, జబ్బు మీలో బయటపడటం అరుదు. కానీ దాన్ని మోసే మగవారి పిల్లలకు మళ్లీ ప్రమాదం ఉంటుంది. అమ్మగారి తోబుట్టువులకైతే నేరుగా వర్తిస్తుంది, వారికి చెవి హోరు, మెడలో గడ్డ వంటివి ఉన్నాయేమో ఇప్పుడే అడగండి. ఒకవేళ ఎస్‌డీహెచ్‌బీ అనే మరో జన్యువు అని వస్తే లెక్క మారుతుంది. అది తల్లి నుంచి వచ్చినా జబ్బు కలిగిస్తుంది, దూరంగా పాకే గుణమూ ఎక్కువ. కాబట్టి ఫలితం వచ్చేవరకు మీ పిల్లలకు స్కాన్లు చేయించడం గురించి ఆలోచించకండి.

మీ సర్జన్ గారిని కలిసేటప్పుడు రిపోర్టు కాగితాలతో సరిపెట్టకుండా రెండు పెట్‌ల సీడీలూ, ఎంఆర్ఐ సీడీ కూడా తీసుకెళ్లండి. కుడి మెడకు విడిగా ఎంఆర్ఐ ఇప్పుడే తీయించమని అడగండి. వచ్చే ఏడాది ఆ 9 మిల్లీమీటర్లను పోల్చి చూడటానికి పెట్ సరిపోదు, ఈ ఎంఆర్ఐ కొలతే కావాలి.